యాభై ఐదో పోగు

మా గైడు సారు పోయారని రామాంజనేయులు ఫోన్ చేసి చెప్పాడు. నేను అప్పుడు హిందూపురంలో మా వంటింట్లో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. రామాంజనేయులు నాతోపాటే ఎం.ఫిల్.లో చేరాడు. నేను మధ్యలో బయటికి వచ్చేశాను. తాను చివరిదాకా ఉండి, ప్రొఫెసరై, రిటైరై, ఇప్పుడు ధర్మవరంలో ఇల్లు కట్టుకున్నాడు. మంచివాడు. ఎవరి మాటకూ అడ్డం చెప్పలేకపోవడం ఒక్కటే అతనిలో లోపం. సారు ఎలా పోయారో చెప్పి, అసలు సంగతికి వచ్చాడు.

"సారు మీద ఒక సంచిక తెస్తాండాము రత్నా. శిష్యులందరూ ఒగ్గొక్క పేజీ రాస్తాండారు. నువ్వూ రాయల్ల."

"నేను ఆయన శిష్యురాలినని ఎవరు చెప్పినారు?"

"అట్లంటే ఎట్ల? రెండేండ్లు ఆ ల్యాబులోనే ఉంటివి కదా."

"అయితే రాస్తా. జరిగింది రాస్తా."

"అది వద్దులే. పోయినోళ్ళ మీద ఇప్పుడేంటికి?" అన్నాడు. అయితే నా పేజీ లేకుండానే వేసుకోమన్నాను. కోపంగా అనలేదు. ఫోన్ పెట్టేసి మిగిలిన చిక్కుడుకాయలు కూడా తీశాను. కానీ రాయనని చెప్పిన మాట రాసిన మాటకంటే ఎక్కువ సతాయిస్తుందని ఆ వారంలో తెలిసింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. పోయినవాళ్ళను తిట్టడానికి కాదు. పోయినంత మాత్రాన వాళ్ళు చేసిన తప్పు ఒప్పు కాదని చెప్పడానికి.

మా ఊరు పెనుకొండకు పడమర దిక్కున ఉండే మెట్ట పల్లె. పెనుకొండ చూడవచ్చినవాళ్ళు కోటను ముందునుంచి చూస్తారు. మాకు ఎప్పుడూ ఆ కొండ వీపు మాత్రమే కనిపించేది. శెనక్కాయ వేసే మెట్టచేను, ఒక చిన్న జీవాల మంద, బావి కింద ఒక మడి, ఇంతే మా ఆస్తి. కాగితాల మీద ఎవరి పేరున్నా ఆ మడి మాత్రం మా అవ్వది. అవ్వ అంటే నాయన తల్లి. ఆమె పెళ్ళయి వచ్చినప్పుడు నల్లమాడ వైపు ఉన్న పుట్టింటినుంచి చామంతి పిలకలు తడిగోనెలో చుట్టుకుని తెచ్చిందట. అప్పటినుంచి ఆ మడిలో చామంతి తప్ప వేరే పంట పెట్టనివ్వలేదు. పొద్దున లేచి, ఆకువక్క నోట్లో వేసుకుని, మొహం కూడా కడక్కుండా మడిలోకి పోయి ఒక చుట్టు తిరిగి వచ్చేది. ఆ తర్వాతే పొయ్యి, ఆ తర్వాతే సంగటి, ఆ తర్వాతే మనుషులు. పూలకాలంలో ఇంట్లో నడవడానికి చోటుండేది కాదు. తడిపిన గోనెపట్టాల మీద పూలు పరిచి ఉండేవి. చామంతిది తీపి వాసన కాదు, ఆకు నలిపినప్పుడు వచ్చే చేదు వాసన. పొయ్యి పొగతో, దొడ్లో జీవాల వాసనతో కలిసి అది మా బట్టలకు, తలలకు, చివరికి రోట్లో నూరిన ఊరుబిండికి కూడా పట్టేది. బడిలో నా పక్కన కూర్చున్న పిల్లలు, ఈమె దగ్గర మందు వాసన వస్తోందని జరిగి కూర్చునేవాళ్ళు. నేను జరిగేదాన్ని కాదు.

ఆ మడిలో గెనిమ గట్టు పక్కన ఒక మూల రెండు సాళ్ళ చెట్లు మాత్రం వేరుగా ఉండేవి. పువ్వు కొంచెం పెద్దది, రేకులు కొంచెం వంకర, రంగు ముదురు పసుపు. ఊళ్ళో అన్ని మళ్ళూ పూసి ఎండిపోయిన తర్వాత అవి నింపాదిగా మొగ్గ తొడిగేవి. ఆలస్యంగా పూస్తాయని అవ్వ వాటిని ఆలిశం చామంతి అనేది. మిగతా వాటి పిలకలు ఎవరడిగినా ఇచ్చేది కానీ వీటిని ఇచ్చేది కాదు. "ఇది యేరే కులం పాపా," అని నాతో అంటుండేది. "మిగతా వాటికి ఒగటీ అరా అన్నా విత్తు కడ్తాది. దీనికి తాలే. పిలక తీసి నాటుకుంటే ఉంటాది, లేకుంటే పోతాది." చదువు రాని మనిషి ఏళ్ళ తరబడి చూసి చెప్పిన మాట అది. ఆ మాట అర్థం కావడానికి నాకు రెండు డిగ్రీల చదువు పట్టింది.

హిందూపురంలో డిగ్రీ చదివేటప్పుడు మొదటిసారి సూక్ష్మదర్శినిలో ఉల్లిగడ్డ వేరు కొనను చూశాను. ప్రతి జీవకణంలోనూ తల్లిదండ్రుల గుణాలను మోసే సన్నటి పోగులుంటాయని, వాటిని క్రోమోజోములంటారని పుస్తకంలో చదివాను. చదవడం వేరు, ఎర్రటి రంగు పట్టి కళ్ళముందు పడి ఉండగా చూడడం వేరు. ఒక్కో జాతికి ఒక్కో లెక్క అని మా లెక్చరరు చెప్పారు. నాకు వెంటనే మడి గుర్తుకొచ్చింది. చామంతి కుటుంబమంటే చిన్నది కాదు. బంతి, పొద్దుతిరుగుడు, కుసుమ, గుంటగలగర, రోడ్డు పక్కన కాళ్ళకింద పడే గడ్డిచామంతి, ఊళ్ళను తినేసిన వయ్యారిభామ, అన్నీ దాని చుట్టాలే. మనం ఒక పువ్వనుకునేది నిజానికి వందల చిన్నపూల గుంపు. పైకి ఇంత పోలిక ఉన్నా లోపలి లెక్కలు ఒకదానితో ఒకటి కలవవు. పొద్దుతిరుగుడుకు ముప్పై నాలుగు, కుసుమకు ఇరవై నాలుగు. పెద్ద ముద్దబంతికి ఇరవై నాలుగైతే, దాని పక్కనే పూసే చిన్న ఎర్రబంతికి సరిగ్గా రెట్టింపు, నలభై ఎనిమిది. కలుపుగా మొలిచే సహదేవికి పద్దెనిమిదే. మనం జడలో పెట్టుకునే చామంతికి యాభై నాలుగు, అంటే తొమ్మిదేసి చొప్పున ఆరు వరసలు. ఒకే ఇంట్లో ఇన్ని లెక్కలు ఎలా పుట్టాయన్నది నన్ను పట్టుకుంది. పీజీ తర్వాత ఎం.ఫిల్.లో అదే పని కావాలని అడిగాను. ఆ చదువుకున్న చోటు పేరు రాయను. పెనుకొండలో ప్యాసింజరెక్కి ధర్మవరం మీదుగా పోయేదాన్ని. అంతవరకు చాలు.

సారు గురించి నిజం చెప్పాలంటే ముందు ఆయన బొటనవేలి గురించి చెప్పాలి. రంగు పట్టిన వేరు కొనను గాజుపలక మీద పెట్టి, పైన సన్నటి గాజుబిళ్ళ కప్పి, దాని మీద అద్దుడు కాగితం వేసి బొటనవేలితో నొక్కాలి. గట్టిగా నొక్కితే కణాలు చితికిపోతాయి, మెల్లగా నొక్కితే పోగులు ఒకదానిమీద ఒకటి పడి లెక్కకు రావు. సారు నొక్కితే అవి ఎండబెట్టిన వడియాల్లా విడివిడిగా పరుచుకునేవి. ఆయన నా వేలు పట్టుకుని, ఎంత బరువు వేయాలో నెల రోజులు నేర్పారు. ఆ విద్య ఆయనదే. కాదని ఎప్పుడూ అనను.

వేళ్ళలో కణాలు చురుగ్గా చీలేది పొద్దెక్కే వేళ. ల్యాబుకు చేరేసరికి ఆ వేళ దాటిపోయేది. అందుకని ఇంటి దగ్గరే కుండల్లో ఇసుక పోసి పిలకలు నాటి, ఎండ దొడ్డిగోడ దిగి జీవాల మేత గాడి దాకా వచ్చే సమయానికి వేరు కొనలు కోసి మందులో వేసేదాన్ని. ఆ మందు అంటే స్పిరిట్టు, ఘాటైన ఆమ్లం కలిపింది. మూత తీస్తే ఊరగాయ కుళ్ళినట్టు గుప్పుమనేది. సీసా చూసినవాళ్ళు ఊరుకుంటారా? ఒకరోజు నాయన టీ అంగడినుంచి మొహం ముడుచుకుని వచ్చాడు. అక్కడ ఎవరో, "ఏమప్పా, నీ కూతురు ఇంట్లోనే సీసా పెట్టుకున్యాదంట," అన్నారట. నాయన సీసా మూత తీసి వాసన చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇది తాగితే సస్తారు కదా పాపా."

"తాగేదానికి కాదు నాయనా. వేళ్ళకు పోసేది."

"వేళ్ళకు పోస్తే చెట్టు సావదా?"

"సావల్లనే పోసేది. ఉన్నింది ఉన్నట్ల నిలబడిపోతాది."

ఆయనకు అర్థం కాలేదు. అవ్వ పొయ్యి దగ్గరనుంచి తల తిప్పకుండా, "దాని సీసా జోలికి పోయినోళ్ళకు ఈ ఇంట్లో సంగటి లేదు," అంది. ఆ రోజుతో సీసా మాట ఇంట్లో ముగిసింది. టీ అంగడిలో ముగిసిందో లేదో నేను పట్టించుకోలేదు.

ఐదు రకాల చామంతులు లెక్కపెట్టాను. నాలుగింటికి యాభై నాలుగే వచ్చింది. ఆలిశం చామంతికి యాభై ఐదు వచ్చింది. మొదట నా తప్పే అనుకున్నాను. ఒక పోగు విరిగి రెండుగా కనిపించి ఉంటుంది, పక్క కణంనుంచి ఒకటి జారి వచ్చి ఉంటుంది. ఇంకో చెట్టు వేరు తీశాను. యాభై ఐదు. ఇంకో సాలులోది. యాభై ఐదు. బొమ్మ గీసి సారు దగ్గరికి తీసుకుపోయాను.

"ఏమ్మా ఇది?" అన్నారు సారు.

"యాభై ఐదు సార్."

"చామంతికి యాభై నాలుగు. ఇది బీఎస్సీ పిల్లలకు కూడా తెలుసు. మళ్ళీ లెక్కపెట్టు."

మళ్ళీ లెక్కపెట్టాను. ఎండకాలం పోయి వానలు వచ్చేదాకా లెక్కపెడుతూనే ఉన్నాను. కళ్ళు చూపించుకోమన్నారు. ధర్మవరంలో కళ్ళ డాక్టరుకు చూపిస్తే, ఈ కళ్ళతో సూదిలో దారం చీకట్లో కూడా ఎక్కించవచ్చన్నాడు. ఆ మాట చెబితే సారు నవ్వలేదు. ఒకరోజు బొమ్మ నా ముందుకు తోసి, పెన్సిలుతో రెండు పోగులను చూపించి, "ఈ రెండూ దగ్గరగా ఉన్నాయి కదా. కలిపి ఒకటిగా గీసెయ్. ఎవరు చూడొచ్చారు?" అన్నారు. చాలా మామూలుగా అన్నారు, కూరలో ఉప్పు కొంచెం తగ్గించమన్నట్టు. అప్పటిదాకా ఆయనకు నా లెక్క మీద అనుమానమనుకున్నాను. ఆయనకు లెక్కతోనే పని లేదని ఆ క్షణంలో తెలిసింది.

ఆ రోజు ఇంటికి పోయి, జరిగింది ఎవరికీ చెప్పకుండా దొడ్డిగుమ్మం మీద కూర్చున్నాను. సాయంత్రం జీవాలు వచ్చే వేళ. అవ్వ చిన్నప్పుడు పుట్టింట్లో గొర్రెలు కాచిన మనిషి. వంద దాకా అంకెలు కూడా సరిగ్గా రావు కానీ మందలో ఒక్కటి తగ్గినా కనిపెట్టేది. దొడ్డితలుపు దగ్గర నిలబడి తల్లుల దగ్గరికి పిల్లలను వదులుతోంది.

"అవ్వా, అన్నీ కలగలిసిపోయి ఉంటాయి కదా. ఎట్ల లెక్క పెడ్తావు?"

"లెక్క యాడ పెడ్తా? జత కలిపి ఇడుస్తా. తల్లికి పిల్ల, పిల్లకు తల్లి. అన్నీ జతలైనంక ఒగటి మిగిలి అరుస్తాంటాది. అదే ఎక్కువొచ్చిండేది."

నేను లేచి నిలబడ్డాను. మొక్క పుప్పొడి తయారుచేసుకునే సమయంలో క్రోమోజోములు జతలు కడతాయి. ఇది నేను పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్న విషయమే. వేరులో గుంపుగా పడి ఉన్న యాభై ఐదును లెక్కపెట్టి వాదించే బదులు, మొగ్గలో చూస్తే ఇరవై ఏడు జతలు, పక్కన ఒంటిగా ఒకటి ఉండాలి. అయితే దానికి పసిమొగ్గలు కావాలి, రంగు కూడా తిరగనివి. అవ్వ చామంతిలో మొగ్గ గిల్లడమంటే అప్పటికి మా ఇంట్లో ఎవరూ చేయని పని. అడిగాను. అవ్వ చాలాసేపు నా మొహం చూసి, మరుసటి రోజు తానే సాలులోకి దిగి, జొన్నగింజంత మొగ్గలను ఎంచి ఎంచి గిల్లి నా అరచేతిలో పోసింది.

ఆ మొగ్గలను ల్యాబులో చూసిన రోజు నా పక్కన అటెండరు నబీరసూల్ అన్న ఉన్నాడు. పెనుకొండ మనిషి. ఆ ల్యాబులో సారు తర్వాత అంత బాగా రంగు కాచగలిగినవాడు ఆయనే. ఇరవై ఏడు జతలు ఒక వరసలో నిలబడి ఉన్నాయి. ఒకటి దూరంగా, ఎటూ కాకుండా పడి ఉంది. నేను లేచి ఆయనను కూర్చోబెట్టాను. ఆయన కన్ను ఆనించి, ఊపిరి బిగబట్టి, చాలాసేపు చూశాడు.

"జతకు రానిది ఒగటి ఉండాది కదమ్మా," అన్నాడు.

"ఉండాది కదన్నా?"

"కళ్ళుండేటోళ్ళకు ఉండాది."

సారు కూడా చూశారు. తల ఎత్తి, "అది రంగు మడ్డి," అన్నారు. మరో పలక చూపించాను. "మడ్డే," అన్నారు. మూడోది చూడలేదు.

అప్పుడు నేను బెంగళూరు పోయాను. అక్కడ ఒక పెద్ద లైబ్రరీలో పాత పత్రికలన్నీ ఉంటాయని విన్నాను. లోపలికి పోనివ్వడానికి కావలసిన గైడు ఉత్తరం నా దగ్గర లేదు. హిందూపురంలో మడకశిర పిల్లలతో చదువుకోవడం వల్ల కన్నడం వచ్చు. కౌంటరు దగ్గరున్న పెద్దమనిషి, "యారు కళిసిద్రు?" అన్నాడు, ఎవరు పంపించారని. "యారూ ఇల్ల, నానే బందె," అన్నాను. ఎవరూ లేరు, నేనే వచ్చాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, నవ్వి, లోపలికి పంపాడు. సాయంత్రం బండి వేళదాకా దుమ్ములో కూర్చుని కావలసినవి రాసుకున్నాను. చామంతిలో యాభై నాలుగుకు కాస్త అటూ ఇటూ ఉన్న రకాలు ఎన్నో ఉన్నాయని నేను పుట్టకముందే రాసిపెట్టారు. ఆరు వరసల పోగులున్న మొక్కకు ఒకటి ఎక్కువైనా తక్కువైనా ప్రాణం మీదికి రాదు. గింజతో కాకుండా పిలకతో బతికే మొక్క కాబట్టి ఆ ఎక్కువ తక్కువలు అలాగే నిలిచిపోతాయి. ఆలిశం చామంతికి విత్తు ఎందుకు తాలు పోతుందో కూడా అందులో ఉంది. నేను కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు. సారు చదవలేదు, అంతే.

అది చూపిస్తే ఆయన సంతోషిస్తారని నిజంగా అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ అమాయకత్వానికి నవ్వొస్తుంది. కాగితాలు చదివి, మడిచి, బల్లమీద పెట్టారు. "నాకు చదువు చెప్పడానికి వచ్చావా?" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి ఒక దారి చూపించారు. యాభై నాలుగు అని రాయక్కర్లేదు. ఆ మొక్కనే థీసిస్‌లోంచి తీసెయ్యాలి. మిగిలిన నాలుగు రకాలతో సమర్పిస్తే సంతకం పెడతారు. వారం గడువు.

ఇది మొదటిదానికంటే కష్టమైన మాట. అబద్ధం రాయమంటే కాదనడం తేలిక. చెప్పకుండా ఊరుకోమంటే అందరికీ న్యాయంగానే కనిపిస్తుంది. రామాంజనేయులు బతిమాలాడు. ల్యాబులో అందరూ చెప్పారు. నాకు కూడా రెండు రోజులు న్యాయంగానే కనిపించింది. మూడో రోజు, తీసేశాక మిగిలే నాలుగు రకాల పట్టిక శుభ్రంగా రాసి చూసుకున్నాను. అన్నీ యాభై నాలుగు, యాభై నాలుగు, యాభై నాలుగు, యాభై నాలుగు. దాన్ని చూస్తే చామంతి అంతా ఒక్కటేనని చదివినవాళ్ళు నమ్ముతారు. ఒక్క అబద్ధపు అంకె లేకుండా అబద్ధమైన పట్టిక అది.

ఇంటికి వచ్చి నాయనతో, అవ్వతో జరిగింది చెప్పాను. మరుసటి పొద్దున పార చప్పుడుకు బయటికి వస్తే అవ్వ మడిలో ఉంది. గెనిమ పక్క సాళ్ళలో అప్పటికే రెండు చెట్లు వేళ్ళతో సహా పైకి వచ్చి ఉన్నాయి.

"అవ్వా, ఏం చేస్తాండావు?"

"పీకేస్తాండా. ఈటి కోసరం నీ బతుకు పాడు చేసుకునేంత యేం ఉండాది? చెట్టే లేకుంటే లెక్క లేదు. పో, నాలుగే ఉన్యాయని చెప్పుకో పో."

పుట్టింటినుంచి గోనెలో మోసుకొచ్చి, ఎవరికీ ఒక్క పిలక ఇవ్వని చెట్లు అవి. నేను పోయి సాలుకు అడ్డంగా, బురదలో కూర్చున్నాను.

"లెయ్ పాపా."

"లేయను."

"నా చెట్లు, నా ఇష్టం."

"నీ చెట్లే. పీకుకో. పీకినా నేను చూసింది పోదు."

నాయన జీవాలను తోలుకుపోవడానికి వచ్చినవాడు గెనిమ మీద నిలబడిపోయాడు. మా ఇంట్లో ఆయన పెద్దగా మాట్లాడే మనిషి కాదు. చేతికర్ర భుజం మీద అడ్డంగా పెట్టుకుని అడిగాడు.

"నువ్వు సూసినావా?"

"చూసినా నాయనా."

"ఎన్ని తూర్లు?"

"లెక్క లేదు. మూడు కాలాలు చూసినా."

"అందరూ ఒగటి తక్కువ అంటాండారు. నీకు అనుమానం లేదా?"

"లేదు."

"అట్లయితే తీసేయొద్దు," అని, అవ్వ వైపు తిరిగి, "పార ఈడ పెట్టు మా," అన్నాడు. అవ్వ పార గెనిమ మీద పెట్టి, పీకిన రెండు చెట్లను మళ్ళీ గుంతలో పెట్టి, మన్ను తొక్కి, చెంబుతో నీళ్ళు పోసింది. ఆ రాత్రి నా సంగటిలో నెయ్యి ఎక్కువ వేసింది.

గడువు రోజున పోయి ఒక కాగితం ఇచ్చాను. ఆలిశం చామంతిలో నేను చూసింది యాభై ఐదని, దాన్ని మార్చలేనని, దాచలేనని, అందుకు గైడు ఒప్పుకోకపోతే నా పేరు తీసేయవచ్చునని రాశాను. సారు చదివి, "నీకు ఈ సబ్జెక్టులో ఎక్కడా ఉద్యోగం దొరకదు," అన్నారు. "సరే సార్," అన్నాను. అంతకంటే మంచి జవాబు ఆ తర్వాత ఎన్నో సార్లు తట్టింది కానీ ఆ రోజు నోట్లోంచి వచ్చింది అదే. నబీరసూల్ అన్న నా గాజుపలకలను ఒక బిస్కెట్ల డబ్బాలో దూది వేసి సర్ది, గేటుదాకా తెచ్చి ఇచ్చాడు.

సారు చెప్పింది నిజమే అయింది. కాలేజీల్లో ఎక్కడా రాలేదు. బీఈడీ చేసి ధర్మవరంలో హైస్కూల్లో చేరాను. పక్కిళ్ళలో మగ్గాలు పొద్దుగూకేదాకా ఆడుతుండేవి. నా తరగతిలో సగం మంది పిల్లలు పట్టుదారం అంటిన వేళ్ళతో వచ్చేవాళ్ళు. సర్వీసంతా ఆ పిల్లలకే చెప్పాను. ఏం సాధించావని అడిగినవాళ్ళున్నారు. చుట్టాలు అడిగారు. పెళ్ళయిన కొత్తలో మా ఆయన అడిగారు, తర్వాత అడగడం మానేశారు. మొన్న రామాంజనేయులు కూడా, సంచిక మాట అయిపోయాక, "ఆ రోజు నువ్వు ఒక్క మొక్క తీసేసి ఉంటే నాకంటే పెద్ద ప్రొఫెసరువై రిటైరయ్యేదానివి," అన్నాడు. అతను పొగడ్తగానే అన్నాడు. నాకు మాత్రం అది పొగడ్తగా వినిపించలేదు. ఒక్క పోగు తాకట్టు పెట్టి కూర్చునే కుర్చీలో నడుము నొప్పి వస్తుంది.

అయితే నేను గెలిచానని కూడా రాయను. అవ్వ పోయిన తర్వాత బావి ఎండింది. మడిలో నాలుగేళ్ళు ఏమీ పెట్టలేదు. ఇప్పుడు ఆ పక్కన ఫ్యాక్టరీ రోడ్డు వచ్చి, మడి ఉన్న చోట రాళ్ళు పాతి ప్లాట్లు వేశారు. ఆలిశం చామంతి పోయింది. నేను ధర్మవరంలో కుండీలో నాలుగు పిలకలు పెట్టుకుని ఉండవచ్చు. పెట్టుకోలేదు. ఆ చెట్లను చూస్తే కోపమొచ్చే రోజులు కొన్ని ఉండేవి, ఆ రోజుల్లోనే అవి పోయాయి. గాజుపలకల రంగు ఎప్పుడో వెలిసిపోయింది. రుజువేదని ఎవరైనా అడిగితే చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఈ కథలో సారు తప్పులన్నీ చెప్పినదాన్ని, నాది చెప్పకపోతే ఎలా? మొక్కను థీసిస్‌లోంచి తీయనన్నదాన్ని, భూమ్మీదినుంచి పోతుంటే చూస్తూ ఊరుకున్నాను.

ఇప్పటి ల్యాబులు వేరు. నా దగ్గర చదివిన ఒకమ్మాయి బెంగళూరులో పని చేస్తోంది. తెరమీద పోగులు రంగురంగులుగా, ఒక్కోటి ఒక్కో రంగులో మెరుస్తుంటే ఫోటో తీసి నాకు పంపుతుంది. యంత్రమే లెక్క చెబుతుందట. ఎంతో బాగున్నాయి. "యంత్రం పుస్తకంలో లేని లెక్క చెబితే మీ సారు ఏమంటారు?" అని అడిగాను. కాసేపటికి జవాబు వచ్చింది. "యంత్రాన్ని సరిచేయమంటారు మేడం." నవ్వుతున్న బొమ్మ కూడా పెట్టింది. నేను నవ్వలేదు. సరిచేయకు అని రాశాను.

రిటైరై హిందూపురం చేరిన ఏడాది ఒక పాత సూక్ష్మదర్శిని కొని, మా ఇంటి వెనక గదిలో కిటికీ పక్కన పెట్టుకున్నాను. శుక్లాల ఆపరేషన్ తర్వాత కళ్ళు మళ్ళీ తేటపడ్డాయి. మూడేళ్ళుగా హిందూపురంనుంచి పెనుకొండ దాకా రోడ్డు పక్కన దొరికే సహదేవి మొక్కలను తెచ్చి లెక్కపెడుతున్నాను. ఎవరూ నాటరు, ఎవరూ కొనరు, చాలామంది దాన్ని మొక్కల లెక్కలోకి కూడా తీసుకోరు. అన్నింటికీ పద్దెనిమిదే వచ్చింది. పెనుకొండ దగ్గర ఒక రాతిగట్టు కింద పెరిగే కొన్నింటిలో మాత్రం రెట్టింపు, ముప్పై ఆరు. అటువంటివి వేరే చోట్ల కూడా ఉన్నాయని ముందుగానే చదివి పెట్టుకున్నాను. మా వైపు ఉన్నాయని ఎవరైనా రాసినట్టు నా కంట పడలేదు. వేళ్ళలో చూశాను, మొగ్గల్లో చూశాను, బొమ్మలు గీశాను, ఫోటోలు తీశాను. మూడు పేజీలు రాసి ఒక పత్రికకు పంపాను.

ఈ రోజుల్లో పత్రికకు పంపడమంటే కంప్యూటర్లో ఒక ఫారం నింపడం. పేరు తర్వాత సంస్థ అని ఒక గడి ఉంది. నాకు సంస్థ లేదు. "మా ఇల్లు, హిందూపురం" అని రాశాను. పది రోజులకు తిరిగి వచ్చింది. వ్యాసం గురించి ఒక్క మాటా లేదు. సంస్థ పేరు సరిగా రాయమని, సంస్థ లేనట్టయితే ఎవరైనా ప్రొఫెసరు పేరు పక్కన చేర్చి పంపితే పరిశీలన సులభమవుతుందని మర్యాదగా రాశారు. పేరు ఇవ్వడానికి మనుషులు లేక కాదు. రామాంజనేయులుకు ఒక్క ఫోన్ చేస్తే చాలు. నేను లేచి కాఫీ కలుపుకుని తాగాను. వెనక గదిలోకి పోయి ఆ మొక్కలదే ఇంకో పలక చూశాను. ముప్పై ఆరు. వచ్చి ఫారం మళ్ళీ తెరిచాను. ఆ గడి ఖాళీగా వదిలితే ఫారం ముందుకు పోదు. అందుకని మళ్ళీ అదే రాశాను, ఈసారి వీధి పేరు, డోర్ నంబరుతో సహా.